చెమర్చిన సురేకారం

వానల్లో డబ్బాలో ఉప్పు చెమర్చినప్పుడల్లా, యాభైలలో చోడవరంలో మామయ్య నా మీద వేసిన నింద గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. దీపావళికి మామయ్య ఇంట్లోనే చిచ్చుబుడ్లు కూరేవాడు. వాటి మందులో వేసే సురేకారం అచ్చం ఉప్పులా ఉండేది. తడి తగిలితే మందు పాడవుతుందని, నిప్పు తగిలితే ఇల్లే పోతుందని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఆ ఏడు కొట్టు నుంచి తెచ్చి చాటలో పోసిన సురేకారం తెల్లారేసరికి చెమర్చి ముద్దయింది.

"ఒసే గుంటా, ఇందులో ఉప్పు కలిపేవా?"

"నానేటీ కలప్లేదు మావయ్యా!"

"మరెవులు కలిపేరు? దెయ్యాలా?"

ఎండబెట్టి కూరినా, పండగనాడు చిచ్చుబుడ్లు పొగ కక్కి ఊరుకున్నాయి. ఆనాటి నుంచి వీధంతా నన్ను 'ఉప్పుగుంట' అంది; మా వైపు గుంటంటే ఆడపిల్ల.

నేను కలపలేదు. ముందురోజు చిటికెడు దొంగతనంగా నాకాను, అంతే. నా ఎంగిలికే చెమర్చిందని భయపడ్డాను. మంచి సురేకారం అంత తేలిగ్గా చెమర్చదనీ, ఉప్పు కల్తీ అయితేనే నీరు లాగుతుందనీ పెద్దయ్యాక తెలిసింది. అంతకుముందు ఏడు నాకినప్పుడు చల్లగా, చేదుగా ఉన్నది ఆ ఏడు ఉప్పగా తగిలింది. ఆ మాట చెబితే దొంగతనం బయటపడుతుందని నోరు మూసుకున్నాను.

మామయ్య మీద కోపం ఇప్పటికీ పోలేదు. కొట్టువాడి మోసానికి సాక్ష్యం మాత్రం ఆ రోజు నా నాలుక మీదే ఉంది.