బావమరిది బరువు బాతులు

నలభై ఏళ్లుగా పెద్దబాతుల్ని పెంచుతున్నాను; పోటీల్లో మూడుసార్లు మొదటి బహుమతి నాదే. గడియారాలు బాగుచేయడం తప్ప ఏమీ తెలియని మా బావమరిది మాత్రం నన్నొక్క మాట అడగలేదు. "నీ బక్క బూడిద బాతులెవరిక్కావాలి బావా?" అంటూ, ఫొటో చూసి మురిసిపోయి బాగా బరువైన జాతిని కొన్నాడు. ఆ మహాతల్లి పొదగడానికి కూర్చుని, పన్నెండు గుడ్లలో ఎనిమిదింటిని తన బరువుతోనే నలిపేసింది. ఈ ఏడాది తమకిక బాతుపిల్లలుండవని ఏడుస్తూ వాడి పెళ్లాం, అంటే మా చెల్లెలు, మిగిలిన నాలుగూ గుడ్డలో చుట్టి తెచ్చింది. వాటిని మా బూడిద బాతు కింద పెట్టాను. నాలుగూ పిల్లలయ్యాయి.

బావమరిది వచ్చి, "చూశావా బావా, మా జాతి ఎంత గట్టిదో!" అన్నాడు.

మా బాతు వాడి పిక్క పట్టుకుంది. నేను విడిపించలేదు.