ఆకుపచ్చ పరికిణీకి మూడు టక్కులు

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు కొత్త ఉద్యోగానికని కొనుక్కున్న రెండు రెడీమేడ్ ప్యాంట్లు తెచ్చి నా కుట్టుమిషను మీద పడేసి, "పెద్దమ్మా, ఈసారి మడతపెట్టి కుట్టకు, కత్తిరించెయ్" అంది. కత్తిరిస్తానని ఒప్పుకుని, చివరికి నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టేసే నా దొంగబుద్ధి దానికి బాగా తెలుసు. కత్తెర చేతిలోకి తీసుకున్నానే గాని చెయ్యి ముందుకు పోలేదు. ఇరవై ఏళ్ల కిందటి ఆకుపచ్చ పరికిణీ ఒకటి కళ్ల ముందుకొచ్చి నిలబడింది.

మన తరం ఆడవాళ్లకి వేరే చెప్పాలా? ఆడపిల్లకి పరికిణీ కుట్టామంటే అంచుకి కాస్త పైన రెండో మూడో టక్కులు వెయ్యకుండా వదిలేవాళ్లమా? పిల్ల ఎదిగేకొద్దీ ఏడాదికో టక్కు విప్పుకుంటూ పోతే ఒక్క పరికిణీ మూడు నాలుగేళ్లు వచ్చేది, విప్పినచోట మాత్రం రంగు వెలవకుండా కొత్తగా ఉండి ఒక చారలా కనిపించేది, ఆ చార చూసి పిల్లలు తెగ సిగ్గుపడిపోయేవాళ్లు. మా ఆయనకి రైల్వేలో ఉద్యోగమై శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చి, గుఢియారీలో పట్టాల పక్కనే కాపురం పెట్టాక, చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లలవి సగం పరికిణీలు నా మిషను మీదే తయారయ్యాయి. ఎవరి పిల్ల ఎంత ఎదిగిందో వాళ్ల అమ్మకంటే ముందు నాకే తెలిసేది, ఆ గర్వం కూడా కాస్త ఉండేది.

మా చెల్లెలూ మరిదీ పట్టాలకి అవతలి వీధిలో ఉండేవారు. మరిది భన్‌పురిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పని చేసేవాడు. వాళ్ల ఒక్కగానొక్క పాపకి ఐదో పుట్టినరోజుకి మూడు టక్కులతో ఆ ఆకుపచ్చ పరికిణీ కుట్టాను. ఆరో పుట్టినరోజు వచ్చింది, ఏడోదీ వచ్చింది, ఒక్క టక్కు విప్పే పని పడలేదు. బడిలో పిల్లలు "ఛోటీ, ఛోటీ" అని ఏడిపిస్తుంటే చెల్లెలు నా దగ్గర కూర్చుని ఆ అంచు పట్టుకుని ఏడ్చేది. పిల్లల డాక్టరు చూసి, ఇది మామూలు పొట్టితనంలా లేదు, నాగపూర్‌లో పెద్ద డాక్టరుకి చూపించండి అని చీటీ రాసిచ్చాడు. ఆ డాక్టరు చూసే రోజు దొరికింది, రైలు టికెట్లూ తీశారు.

అదిగో, అప్పుడే నా బుద్ధి గడ్డి తింది. దసరాకి ఇస్త్రీ చెయ్యమని పరికిణీ నా చేతికొచ్చింది. చెల్లెలి మొహం చూడలేక, పండగ ఒక్కరోజైనా అది నవ్వితే చాలనుకుని, నడుం పట్టీ లోపల ఎవరికీ కనబడకుండా ఒక వేలెడు మడత వేసి కుట్టేశాను.

పండగ పొద్దున్నే చెల్లెలు వీధి వీధంతా వినిపించేలా కేకలు పెట్టుకుంటూ వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటాం. "అప్పా, చూడు! పాప ఎదిగినాది! లంగా మడమల పైకి పోనాది!" నేను నవ్వాను. నవ్వక ఏం చెయ్యను? సాయంత్రానికి మరిది దూద్‌పేడాల పొట్లం తెచ్చి, దానంతట అదే ఎదుగుతుంటే పిల్లని డాక్టర్ల చుట్టూ ఎందుకు తిప్పడం, టికెట్లు రద్దు చేసేశాను వదినగారూ అన్నాడు. నా వంతు పేడా పక్కింటి పిల్లాడి చేతిలో పెట్టేశాను.

అప్పటికైనా చెప్పానా? లేదు. పదకొండు రోజులు నోరు మూసుకున్నాను. పన్నెండో రోజు వాళ్లింటికి వెళ్లి పరికిణీ తెప్పించి, నడుం పట్టీ తిరగేసి చూపించాను. చెల్లెలు పరికిణీ నా చేతిలోంచి లాక్కుంది. ఆ కుట్టు పళ్లతో తెంపి, దారం లాగి పడేసి లోపలికి వెళ్లిపోయింది. అది నన్ను నాలుగు తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ డాక్టరు దగ్గర మళ్లీ రోజు దొరకడానికి రెండు నెలలు పట్టింది. బయల్దేరే ముందురోజు మాత్రం వచ్చి, "నువ్వూ రావాల" అని ఒక్క ముక్క అనేసి వెళ్లింది.

డాక్టరు పాప చేతి ఎముకలకి ఎక్స్‌రే తీయించి, రక్తపరీక్షలన్నీ చేయించి, తలలో ఉండే ఒక చిన్న గ్రంథి ఎదుగుదలకి కావలసిన హార్మోను తయారుచెయ్యడం లేదని, చాలా అరుదైన జబ్బని చెప్పాడు. ఏళ్ల తరబడి రోజూ ఇంజెక్షన్ ఇవ్వాలట. ఎముకలు ముదిరిపోతే ఇక లాభం లేదట, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదట. తొందరగా అన్న మాట దగ్గర నేను తల దించేసుకున్నాను.

పిల్లకి ఇంజెక్షన్ గుచ్చడం చెల్లెలి వల్ల కాలేదు. జీవితమంతా సూదితో గడిపినదాన్ని కదా, నేను నేర్చుకున్నాను. రోజూ మా ఇంటి ముందే ఉన్న పట్టాల మీది వంతెన ఎక్కి దిగి వాళ్లింటికి వెళ్లేదాన్ని. పరికిణీ మాత్రం చెల్లెలు పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది, నా చేతికి ఇస్తే ఒట్టు. మా మరిది, "వదినగారూ, మీ సూది పిల్లకే గానీ లంగాకి కాదు సుమండీ" అని ఏడిపించేవాడు. ఆ వేళాకోళంతోనే మా ఇద్దరిళ్ల మధ్యా మాటలు మళ్లీ మొదలయ్యాయి.

మొదట ఆకలి పెరిగింది. ఒక రొట్టెతో లేచిపోయే పిల్ల మూడోదానికి చెయ్యి చాపింది. తర్వాత చెప్పులు బిగుతయ్యాయి. ఏడాది తిరగకముందే ఒక ఆదివారం పొద్దున్న వంతెన మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు, చూస్తే చెల్లెలు! ఒక చేత్తో పాపని లాక్కుంటూ, జుట్టుముడి ఊడిపోయినా పట్టించుకోకుండా పరుగెత్తుకొస్తోంది. పాప ఒంటిమీద ఆకుపచ్చ పరికిణీ, దాని కింద ఇంత మేర కాళ్లు! నన్ను దగ్గరికి రానిచ్చిందా? ముందు నడుం పట్టీ తిరగేసి తనే చూసుకుంది, మా ఆయనకి చూపించింది, అదీ చాలక పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మని సాక్ష్యానికి పిలిచింది. ఆవిడ పాపని గోడకి నిలబెట్టి, ఎగాదిగా చూసి, రెండు చేతులూ పైకెత్తి, "నోనీ బాఢ్ గే! బాఢ్ గే నోనీ!" అని అరిచింది. పిల్ల ఎదిగిందన్న ఆ మాట వీధంతా పాకి, ఎవరెవరో వచ్చి చూసిపోయారు. చెల్లెలు అప్పుడు నా చేతిలో కత్తెర పెట్టి, "విప్పు అప్పా" అంది. నా కళ్లకి కుట్టు కనబడితేనా! ఏడుస్తూ, నవ్వుతూ ఎలాగో విప్పాను. వెలిసిపోయిన గుడ్డలో నిగనిగలాడే ఆకుపచ్చ చార బయటపడింది. మిగతా పిల్లలు దాచుకునే ఆ చారని మా పాప గుఢియారీ బజారులో కొట్టు కొట్టుకీ వెళ్లి చూపించి వచ్చింది.

మూడు టక్కులూ విప్పాం. ఆపైన కొన్నేళ్లకి ఎముకలు ముదిరాయి, ఇంజెక్షన్లు ఆపేశారు. ఇప్పుడది నా భుజం దాకా వస్తుంది. నేను ఆలస్యం చేసిన ఆ రెండు నెలల వల్ల ఎంత ఎత్తు పోయిందని ఒకసారి డాక్టరుని అడిగితే, దానికేముందమ్మా అని నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. దాని బట్టలు కత్తిరించకుండా మడిచి కుట్టడం నాకు అందుకే అలవాటైంది, ఇంకా ఓ వేలెడు ఎదుగుతుందేమోనని పిచ్చి ఆశ.

"ఎదగాల్సినంత ఎదిగాను పెద్దమ్మా, కత్తిరించు" అంది మొన్న నవ్వుతూనే. కత్తిరించాను. అక్కడే వేసుకుని చూసుకుంది, చక్కగా సరిపోయాయి.

ఈ రోజుల్లో పిల్లల గౌన్లకి టక్కులు ఎవరు వేస్తున్నారు? పొట్టిగా అయితే పక్కన పడేసి ఇంకోటి కొంటున్నారు, పిల్ల ఎదిగిందన్న సంగతి ఒక వార్తే కాదు. మా ఇంట్లోనూ ఇప్పుడు విప్పడానికేమీ లేదు, సంతోషించాల్సిందే. కానీ ఆదివారం పొద్దున్న వంతెన మెట్ల మీద ఎవరివైనా పరుగులు వినబడితే, మిషను మీద నా కాలు ఇప్పటికీ ఆగిపోతుంది.