అడ్డగీత దగ్గర తెంచు

చెల్లెలికి ఇంట్లోనే కాన్పయ్యాక రక్తం ఆగలేదు. మార్కాపురం ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ మా నాయనతో, "ఓ నెగెటివ్ కావాలి. బ్లడ్ బ్యాంకులో లేదు. మీవాళ్లెవరన్నా ఉంటే వెంటనే పిలిపించండి" అంది. నాయనదీ నాదీ ఓ పాజిటివ్. పనికిరాని రక్తం!

నాయన నావైపు తిరిగాడు. "చర్చి పిల్లోళ్లందర్నీ నీ పెట్టెలో ఎక్కించినావు గదమ్మా. చూడు, బిర్రన చూడు."

పెట్టె అంటే నా ల్యాప్‌టాప్, ఎక్కడికెళ్లినా సంచిలోనే ఉంటుంది. నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మా చర్చి యువజనుల వాట్సాప్ గ్రూపులో అందరూ పేరు, ఊరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు పెట్టారు. ఒకరు కామా కొడతారు, ఒకరు చుక్క. మావాళ్లలో ఎక్కువమందికి మాత్రం మధ్యలో అడ్డగీత పెట్టందే చెయ్యి ఆడదు. అందుకే ఈ గుర్తుల్లో ఏది కనబడినా అక్కడ ముక్క తెంచి దేని గడిలో దాన్ని పెట్టమని ప్రోగ్రాం రాశాను. భలే రాశానని మురిసిపోయాను కూడా.

ఓ నెగెటివ్ అని వెతికితే ఒక్కరూ రాలేదు. మళ్లీ వెతికాను. లేరు. నర్సు తడిసిన గుడ్డలు పట్టుకుని బయటికొచ్చింది.

"ఏందమ్మా, ఇంతమందిలో ఒక్కరు లేరా?" అని నాయన అరిచాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "లేకపోతే నేనేం చేసేది నాయనా!"

ఏం తోచక చెల్లెలి పేరు కొట్టాను. అదీ ఆ గ్రూపులో ఉంది కదా. వచ్చింది. బ్లడ్ గ్రూపు దగ్గర ఉత్త 'ఓ'. పక్కన మైనస్ లేదు.

ఓరి దేవుడా! మైనస్సూ అడ్డగీతే కదా. అది కనబడిన చోటల్లా నా ప్రోగ్రాం తెంచి పారేసింది. నెగెటివ్ వాళ్లెవరికీ నెగెటివ్ మిగల్లేదు.

ప్లస్ లేకుండా ఉత్త 'ఓ'గా మిగిలినవాళ్ల కోసం వెతికాను. ఇద్దరే వచ్చారు. ఒకరు చెల్లెలు. రెండో పేరు, ఇందాక మమ్మల్ని ఆటోలో తెచ్చిన మా చర్చి అన్నది.

గేటు దగ్గరికి పరిగెత్తాను. అతను ఇంకా అక్కడే ఉన్నాడు, ఆటో సీటు మీద నెత్తురు తుడుస్తూ.

"అన్నా, నీది ఓ నెగెటివా?"

"అవునమ్మా. అదేనా కావాల్సింది?" అంటూనే గుడ్డ పారేసి లోపలికి ఉరికాడు.

చెల్లెలు బతికింది. నేను ఎదురైనప్పుడల్లా అన్న ఇప్పటికీ అదే మాట అంటాడు. "గేటు కాడనే ఉంటినమ్మా. ఒక్క కేక ఎయ్యకపోతిరి."