బొమ్మకు తిప్పిన పుల్ల

పిల్లల ఆస్పత్రిలో అందరూ ఆమెను పుల్లమ్మ అంటారు. కొత్తగా చేరిన ప్రతి బిడ్డ ముక్కులోనూ దూదిపుల్ల తిప్పి, మందులకు లొంగని క్రిములున్నాయేమో చూడమని ల్యాబుకు పంపడం ఆమె పని. రిపోర్టు వచ్చేదాకా, రెండు రోజులు, బిడ్డను తల్లితో విడిగదిలో ఉంచుతారు. అందుకే తల్లులకు ఆమె పొడ గిట్టదు.

ఒక ఐదేళ్ల పిల్ల మాత్రం, "అత్తా, ముందు నా బొమ్మకి తిప్పు," అంది. తనను అత్తా అని పిలిచేవాళ్లు లేక ఎన్నాళ్లయిందో! పుల్లమ్మ మురిసిపోయి ముందు బొమ్మకు ఒక పుల్ల, తర్వాత పిల్లకు ఒక పుల్ల తిప్పింది.

రిపోర్టులో ఏ క్రిమీ లేదు. పిల్ల చెప్పులేసుకుని వార్డులోకి వెళ్లడానికి తయారైంది. అప్పుడు పుల్లమ్మకు ఒక అనుమానం తట్టింది. ల్యాబుకు పంపింది ఏ పుల్ల? పారేసింది ఏది? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ వార్డునిండా పసికందులే. వెళ్లి నర్సుతో చెప్పేసింది.

"ఈ వయసులో బొమ్మలాటలేమిటి తల్లీ!" అని నర్సు తల పట్టుకుంది.

మళ్లీ పుల్ల తిప్పాలి, మళ్లీ రెండు రోజులు గదిలోనే. పిల్ల బొమ్మను దుప్పటి కింద దాచేసి, "అమ్మా, ఈవిణ్ణి తొందరగా పొమ్మను," అంది.

ఈసారి పుల్లను ఎవరి చేతికీ ఇవ్వకుండా పుల్లమ్మే ల్యాబుదాకా నడిచి ఇచ్చొచ్చింది.