రెండు పొరల అయస్కాంతం

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆదెప్ప కూతురు హేమావతి. హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. రెండేళ్లు సెలవు పెట్టి బెంగళూరులోని ఒక ల్యాబులో పీహెచ్‌డీకి చేరింది.

ఆమె పని ఒక నల్లటి స్ఫటికం మీద. అది అభ్రకంలా పొరలుగా ఊడుతుంది. టేపు అంటించి లాగుతూ పోతే ఎక్కడో ఒకచోట రెండే పొరలున్న ముక్క దొరుకుతుంది. ఒక్కో పొర మందం కొన్ని పరమాణువులంతే. బాగా చల్లబరిస్తే ఆ రెండు పొరలూ రెండు అయస్కాంతాలై ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉంటాయి. వోల్టేజీ మార్చి వాటిని ఒకే దిక్కుకు తిప్పవచ్చని ఆమె గైడు ఉమాశంకర్ నమ్మకం. తేమ తగిలితే ఆ స్ఫటికం పాడైపోతుంది. అందుకే ఆర్గాన్ వాయువు నింపిన గాజుపెట్టెలో, దానికి బిగించిన రబ్బరు గ్లౌజుల్లోకి చేతులు దూర్చి పనిచేయాలి.

ఏడాదిన్నరపాటు చేతికి వచ్చిన ముక్కలన్నీ చిరిగిపోయాయి. చివరికి ఒక శుక్రవారం వోల్టేజీ పెంచుతుంటే తెరమీది గీత చటుక్కున పైకి లేచింది. తగ్గిస్తే దిగింది. పొరలు తిరుగుతున్నాయన్నమాట.

"ఇంకో ముక్కలోనూ ఇదే రావాలమ్మా. అప్పుడే నలుగురికీ చెప్పగలం. సోమవారం చేద్దాం" అన్నాడు ఉమాశంకర్. ముక్కను భద్రంగా పెట్టెలో పెట్టి ఆమె ధర్మవరం వెళ్లింది.

సోమవారం తిరుగు రైల్లో ఆదెప్ప కూడా ఉన్నాడు, హిందూపురం షావుకారుకు చీరలు ఇచ్చిరావడానికి. పెనుకొండ దాటుతుండగా ఉమాశంకర్ ఫోన్ చేశాడు.

"గ్లౌజుకు సన్న చిల్లు పడిందమ్మా. లోపలికి తేమ పోయింది. స్ఫటికాలన్నీ నీరుగారిపోయాయి."

"మనం కొలిచింది సార్?"

"అదీ అందులోనే ఉంది కదా."

కూతురి ముఖం చూసి ఆదెప్ప అడిగాడు. "ఏమైందమ్మా?"

"పెట్టెలోకి గాలి పోయిండాది నాయనా. అన్నీ పాడైపోయినాయి."

"మల్లా చేసుకోకూడదా?"

"చేసేదానికి ఆడ ఏముండాది? ఆ రాయి వేరే ల్యాబోళ్లు పెంచి పంపాలంటే ఏడాది పడుతుంది. నా సెలవు అంతలోపలే అయిపోతుంది."

తప్పు ఎవరిదని అనుకోవాలి? రబ్బరు పాతబడింది, అంతే. ఆదెప్ప నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె పట్టుకుంది గానీ తాగలేదు. హిందూపురం వచ్చింది. ఆయన చీరల మూట వైపు చూశాడు, దిగలేదు. బెంగళూరు దాకా ఆమె పక్కనే కూర్చున్నాడు.

సెలవు పొడిగించమని హేమావతి కాలేజీలో రెండుసార్లు అడిగింది. వాళ్లు కుదరదన్నారు. ఉద్యోగం వదులుకుంటే ఇల్లు గడవదు. తిరిగి కాలేజీలో చేరింది.

మరుసటేడు కొత్త స్ఫటికం వచ్చింది. దాన్ని ల్యాబులోని వేరే అమ్మాయి కొలిచింది. మూడు ముక్కల్లోనూ పొరలు తిరిగాయని ఉమాశంకర్ ఫోన్ చేసి చెప్పాడు. "నువ్వు చూసిందే. వ్యాసం చివర నీకు కృతజ్ఞతలు రాస్తాం" అన్నాడు.

"సంతోషం సార్" అంది. నిజంగానే సంతోషించింది. కానీ వ్యాసం రాసినవాళ్లలో తన పేరుండదని తెలుసు; ఆ పూట స్టాఫ్‌రూములో అన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది.

సాయంత్రం నాయనకు చెప్పింది.

"అయితే నువ్వు చూసింది నిజమే కదమ్మా" అన్నాడు ఆదెప్ప.

"నిజమే నాయనా."