ఖాళీ అన్న మాట

ఇవాళ ఒక అపార్ట్‌మెంటు బోర్డు మీద ‘ఖాళీ స్థలం’ అన్న మాట చూడగానే అక్కడే ఆగిపోయాను. మిత్రులారా, గౌలిపుర వెనుక మన బర్రెలన్నీ మేసిన ఉమ్మడి గైరాను బీడు, ఆ తడిసిన గరిక వాసన మీకు జ్ఞాపకమున్నాయా? పందొమ్మిదివందల నలభైలలో, నగరం పెంచడానికని కొలతలు తీయవచ్చిన అధికారి మా మేనత్త ఇచ్చిన చిక్కటి పాలు మీసాలకు అంటేలా తాగి, కాగితం మీద ‘ఖాళీ’ అని రాసుకున్నాడు.

“ఖాళీ ఏంది సాబ్? గిన్ని బర్లు కనవడ్తలేవా?” అన్నది అత్త.

“బర్లుంటే ఆబాదీ, బస్తీ అంటరా అమ్మా? మనుషులుండాలె!”

“గట్లయితే ఇప్పుడు తాగినయి మనిషి పాలా?”

అతడు మూతి తుడుచుకున్నాడే గాని, కాగితం మీది ‘ఖాళీ’ని కొట్టివేయలేదు. ఏడాది తిరగకుండానే గైరానులో గోడలు లేచాయి. మేత లేక అత్త ఒక్కొక్క బర్రెనే అమ్ముకున్నది. ఆ పాలు తాగిన నోటిని తలచుకుంటే నాకు నేటికీ రోత.