అల్లుడుగారి దోమతెర

మా ఇంట్లో దోమతెర ఒక్కటే ఉండేది. అమ్మ దాన్ని ఉతికి, మడతపెట్టి ట్రంకు పెట్టెలో దాచేది. అల్లుడుగారు వస్తే తప్ప అది బయటికి వచ్చేది కాదు. మిగిలిన రోజుల్లో మా అందరికీ కొబ్బరి డొక్కల పొగే దిక్కు. ఆ పొగకి దోమలకంటే ముందు మేమే వీధిలోకి పరుగెత్తేవాళ్ళం.

డెబ్భైల చివర్లో ఒక వానాకాలం అక్క తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. అప్పటికే ఊళ్లో చాలామంది చలిజ్వరంతో వణుకుతున్నారు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, కొత్తపేట గ్రంథాలయంలో నేను తెరిపించని బీరువా లేదు. కడుపుతో ఉన్న మనిషికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమని అక్కడే ఒక ఆరోగ్య పుస్తకంలో చదివాను. ఇంటికి రాగానే పెట్టె తెరిచి, తెర తీసి అక్క మంచానికి కట్టేశాను.

ఆ వారంలోనే అక్కని చూడ్డానికి బావగారు దిగారు. ఆయన కాళ్ళు కడుక్కునేలోపే అమ్మ తెర విప్పేసింది.

"అది అక్కకి కావాలమ్మా!"

"అల్లుడుగారిని దోమలకి అప్పజెప్పి మనం తెరలో పడుకుంటామా? వాళ్ళ ఊళ్లో ఏమనుకుంటారే?"

"దోమకి అల్లుడని తెలుస్తుందా? అసలు కుట్టేవి ఆడదోమలే. మగవి ఆకుల రసం తాగి బతుకుతాయి."

"గ్రంథాలయంలో ఇవా నేర్పుతున్నారు!"

బావగారు గుమ్మంలోకి వచ్చారు. "నాకొద్దండి అత్తయ్యగారూ. మీ అమ్మాయికే కట్టండి."

"భలేవారే! మీరు పడుకోండి."

"అబ్బే, వద్దండి."

"మొహమాటపడకండి బాబూ."

ఈ మర్యాదల్లో తెర అమ్మ చేతిలోనే ఉండిపోయింది. పొద్దు వాలింది. అరుగు మీద అక్క మోచేతులు గోక్కుంటోంది.

ఇక లాభం లేదని బావగారిని పెరట్లోకి పిలిచాను. కొబ్బరినూనెలో కాస్త వేపనూనె కలిపి ఒంటికి రాసుకుంటే దోమలు దగ్గరికి రావని అదే పుస్తకంలో ఉంది. కొబ్బరినూనెకి మా ఇంట్లో కొదవ లేదు. వేపనూనె మాత్రం గేదె పుండుకి రాసే సీసాలో ఉంది.

"కాస్తంటే ఎంత, పండితురాలా?"

"కొన్ని చుక్కలు చాలండి."

ఆయన సీసా లాక్కుని సగం ఒంపేశారు. "మీ అమ్మగారి మర్యాదకి చుక్కలు చాలవు మరదలా," అంటూ మెడకీ చేతులకీ కాళ్ళకీ పట్టించి, తిన్నగా అమ్మ ముందు నిలబడ్డారు.

అమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. "ఇదేం వాసనండీ! గేదె మందులా ఉంది."

"ఆయ్, గేదె మందేనండి. మీ చిన్నమ్మాయి పుస్తకం చదివి ఇచ్చింది. తెర కట్టేయండి, పడుకుంటాను."

అమ్మ తన చేతిలోని తెల్లటి తెరని చూసింది, నూనె కారుతున్న అల్లుణ్ణి చూసింది.

"వద్దులెండి," అంది చివరికి. "అరుగు మీద మీకు గాలి బాగా వస్తుంది."

తెర మళ్ళీ అక్క మంచానికెక్కింది. అంచులు పరుపు కిందికి దోపింది అమ్మే. బావగారు కబుర్లు చెప్పడానికి కుర్చీ దగ్గరికి లాక్కుంటే, లోపలినుంచి అక్క అంది: "ఏవండీ, కాస్త గాలివాటు చూసుకుని కూర్చోండి."

ఆ వానాకాలమంతా తెర అక్క మంచం మీదే ఉంది. పాప పుట్టేదాకా అక్కకి ఒక్క రోజు కూడా ఒళ్ళు వెచ్చబడలేదు.